తొమ్మిది వోల్టులు

పొద్దటి నుంచి నాలుగుసార్లు కనిపించింది,
నాలుగుసార్లు పోయింది.
పెట్టెకు నీలం లైటు వెలుగుతది,
లోపల పళ్లెం తిరుగుతది, చెయ్యి పెడితే తెలుస్తది,
ఇగ వచ్చిందనుకునే లోపల
టుక్కుమని ఒక్క చప్పుడు.
తెర మీద మల్ల అదే మాట:
ఈ పరికరాన్ని గుర్తించలేకపోతున్నాం.

అచ్చంపేట బస్టాండు ఎనక గల్లీల
మాది మిక్సింగ్ సెంటర్.
మా ఆయనది కెమెరా, నాది కత్తెర.
పదకొండేండ్ల పెండ్లిళ్లు ఆ ఒక్క డిస్కుల ఉన్నయి,
దానికి తొడుగు, కోఠిల మూడువందల యాభైకి
బేరమాడి తెచ్చిన డబ్బా.

లింగాల నుంచి మణెమ్మ మూడోసారి వచ్చి
బల్ల కొసకు కూసున్నది.
చాయ్ వద్దన్నది.
దొరికిందా అక్కా అని కూడా అడగలేదీసారి.

ముందుగాల వైరును అనుమానించిన. మార్చిన.
ముందు పోర్టుకు పెట్టిన, ఎనక పోర్టుకు పెట్టిన.
పక్కన పిండి గిర్ని తిరిగినప్పుడే పోతున్నదని
గిర్ని కాశన్నను గంటసేపు బందు చెయ్యమన్న.
గిర్ని ఆగింది. డిస్కు అట్లనే పోయింది.
జొన్నలు పట్టుకొచ్చినోళ్లందరు వాకిట్ల నిలబడ్డరు.
కాశన్న ఇంకా నాతోని మాట్లాడ్తలేడు.

జహంగీర్ భాయ్ మీటరు తెచ్చిండు.
టీవీలు బాగుచేసే మనిషి,
ఇప్పుడు టీవీలు బాగుకు ఎవలిస్తున్నరు?
అడాప్టరు మూతికి రెండు ముల్లులు తాకిచ్చిండు. పన్నెండు.
మంచిగనే ఉన్నదిగదా అన్న నేను.
ఆయన ఏమనలేదు.
డిస్కు తగిలించి, జరసేపు తిరగనిచ్చి
మల్ల చూసిండు.
పదకొండు. పది.
తొమ్మిది.
"ఖాళీగ ఉన్నంతసేపు పన్నెండే చెప్తది బేటీ,
పని చెప్తేనే దాని దమ్మెంతనో బయటపడ్తది."

మణెమ్మ నవ్వింది, ఆ రోజు మొత్తంల అదొక్కసారే.
"మా ఆయన లెక్క" అన్నది.

అప్పుడు చెప్పింది.
కోర్టుల నిలబడి ఆయన అన్నడంట,
ఈమె ఎవలో నాకు తెల్వదు, పెండ్లే కాలేదు.
ఆల్బం ఉండె, ఆయనే పొయ్యిల పెట్టిండు.
పెండ్లి చేసిన అయ్యగారు కరోనాల పోయిండు.
ఇగ ఉన్న సాక్ష్యమల్లా
నా బల్ల మీద వెలుగుకుంట ఆరుకుంట ఉన్నది.

సెటప్ బాక్సుది ఇంకో అడాప్టరు పెట్టినం.
డిస్కు వచ్చింది. నిలబడ్డది.
ఫోటోలు ఒక్కొక్కటే దిగుతున్నయి, మేమంత ఊపిరి పట్టినం.
పెద్ద వీడియో మొదలుపెట్టంగనే
మల్ల టుక్కు.
డబ్బా అడుగున గోరంత చిప్పు,
వేలు పెడితే సుర్రుమన్నది.
ఇన్నొద్దులు డిస్కును తిట్టిన,
అది చెప్తనే ఉన్నది పాపం,
నడుమ దుబాసికే జరమొచ్చింది.

నాలుగు స్క్రూలు. ఒకటి అరిగింది,
మేకుతోని కొట్టి తీసిన.
డిస్కును బయటికి గుంజి
సీపీయూ కడుపుల నేరుగ తగిలించి
టేబుల్ ఫ్యాన్ దిక్కు తిప్పిన.

ఏ చప్పుడు లేదు.
చప్పుడు లేకపోవుడే మంచి సంగతి.

లింగాల, రెండువేల పద్నాలుగు, మే.
గంటా పన్నెండు నిమిషాల కాడ కరెంటు పోయి వస్తది.
పుస్తె కట్టి ఆయన చెమట తుడుసుకుంటడు,
కెమెరా దిక్కే చూసి
జల్ది కానియ్యుండ్రి, ఉక్క పోస్తున్నది అంటడు.
పేరు, ముఖం, గొంతు, అన్నీ ఉన్నయి.

మణెమ్మ ఆయనను చూడనేలేదు.
"అగో మా చెల్లె" అన్నది,
"నా చెప్పులు ఎవలన్న ఎత్తుకపోతరని
రెండు చేతుల పట్టుకొని నిలబడ్డది, చూడు."
ఆపి, ఎనకకు తిప్పి, మల్ల చూపించిన.
చెప్పులు కొత్తయి. ఎర్రయి.

మూడు కాపీలు చేసిన.
పైసలు తీసుకోలేదని మా ఆయనకు చెప్పలేదు.

ఆ డబ్బా ఇంకా బల్ల కిందనే ఉన్నది.
లోపల ఏమి లేదు.
ప్లగ్గు పెడితే మాత్రం
నీలం లైటు మంచిగనే వెలుగుతది.